కాంబోనా, హెడ్-క్యాబినెట్టా, పెడల్ ఒక్కటే చాలా? వైజాగ్ గిగ్గులకి ఏది మేలు

"అన్నా, ఆంప్ కొనడం దేనికి, డీఐ పెడల్ చాలదేటి?" గాజువాకలో చర్చిలో బేస్ గిటార్ వాయించే తమ్ముడు మొన్న అడిగాడు. వారం తిరక్కుండా ఓ కాలేజీ బ్యాండ్ కుర్రాడూ అదే అడిగాడు. పెళ్లి సంగీత్‌లకి వాయించే నా ఈడువాడు ఇంకోలా అడిగాడు: "పెద్ద క్యాబినెట్ తీసేసుకోమంటావా?" నేను కూడా ఈమధ్యే ఏళ్ల తరబడి మోసిన 15 అంగుళాల స్పీకర్ కాంబోని అమ్మేసి చిన్నది కొనుక్కున్నాను. అందుకని ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే బదులు అంతా ఇక్కడ రాసేస్తున్నాను.

మన ముందున్నవి మూడు దారులు. ఆంప్ (గిటార్ శబ్దాన్ని పెంచే యంత్రం), స్పీకర్ ఒకే డబ్బాలో ఉండే కాంబో. విడిగా హెడ్ (ఆంప్ ఒక్కటే), విడిగా క్యాబినెట్ (స్పీకర్ డబ్బా). ఈ రెండూ లేకుండా ప్రీఆంప్ పెడల్ (తమ్ముడు డీఐ పెడల్ అన్నది ఇదే) నుంచి నేరుగా సౌండ్ వాళ్ల మిక్సర్‌కి లైన్ ఇచ్చేయడం. సౌండ్ వాళ్లు తెచ్చే అద్దె ఆంప్ నాలుగోది అనుకోవచ్చు గానీ, అది ఏ స్థితిలో వస్తుందో స్టేజి ఎక్కేదాకా తెలియదు. దాన్ని నమ్ముకుని ప్లాన్ చేసుకోవద్దు.

చాలామంది వాట్స్ దగ్గర మొదలుపెడతారు. కొందరు టోన్ దగ్గర, ఇంకొందరు బరువు దగ్గర. నన్నడిగితే వీటన్నిటికంటే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. పాట నడుస్తుండగా నేను వాయించిన నోట్ నాకు వినబడుతోందా లేదా? వినబడకపోతే చెయ్యి బిగుసుకుంటుంది, తీగని గట్టిగా లాగుతాం, టైమింగ్ జారిపోతుంది. అప్పుడు ఎంత ఖరీదైన గేర్ ఉన్నా ఆదుకోదు.

ఎందుకు వినబడదో చెప్తాను. బేస్‌లో మోటు తీగ పేరు 'ఈ' (E). దాని ఓపెన్ నోట్ (ఎక్కడా నొక్కకుండా మీటితే వచ్చేది) 41 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. ఆ శబ్ద తరంగం పొడవు 8 మీటర్ల పైనే. అంత పొడవు తరంగాన్ని స్పీకర్ డబ్బా ఒకవైపుకే పంపలేదు, అది చుట్టూ పాకుతుంది. స్టేజి ముందు పెట్టిన సబ్‌ల (లోతైన శబ్దం వినిపించే పెద్ద స్పీకర్ల) గుమ్‌గుమ్ వెనక్కి తిరిగి మన కాళ్ల కిందకే వస్తుంది. కాబట్టి లోతు, అంటే కింది ఫ్రీక్వెన్సీల శబ్దం, మనకి కావలసినదానికంటే ఎక్కువే అందుతుంది. అందనిది నోట్ అంచు, అంటే వేలు తగిలిన క్షణం, ఏ స్వరమో పోల్చుకోగలిగే స్పష్టత. అది ఎక్కువగా 300 నుంచి 1000 హెర్ట్జ్ మధ్యన, వేలి చప్పుడైతే ఇంకా పైన ఉంటుంది. దాన్ని మోసే పీఏ (జనానికి వినిపించే స్పీకర్ సిస్టమ్) టాప్‌లు, అంటే పై స్పీకర్లు, జనం వైపు తిరిగి ఉంటాయి. మన వెనకున్న ఆంప్ ఆ లోటు తీర్చాలి. మనమేమో బేస్ గిటార్ కదా అని బేస్ నాబే పెంచుతాం. ఉన్న బురదలో ఇంకొంచెం బురద కలుస్తుంది.

నాకిది ఆర్కే బీచ్ దగ్గర ఒక ఓపెన్ స్టేజి మీద తెలిసొచ్చింది. వెనక గోడ లేదు, సముద్రపు గాలి జోరుగా వీస్తోంది. నా పాత కాంబో నేల మీద, నా వెనక రెండడుగుల దూరంలో ఉంది. నాకేమీ వినబడక పెంచుతూ పోయాను. పది పన్నెండు అడుగుల అవతల ఉన్న గిటారిస్టు చెయ్యెత్తి, "బాబూ, తగ్గించు, నా సౌండ్ నాకే తెలీట్లేదు" అన్నాడు. నాకు వినబడనిది అతనికి దెబ్బలా తగులుతోందంటే కారణం ఒకటే. స్పీకర్ నా పిక్కల వైపు చూస్తోంది. లోతులాగా చుట్టూ పాకకుండా తిన్నగా పోయే పై ఫ్రీక్వెన్సీలు నా మోకాళ్ల పక్కనుంచి సాగి దూరంగా ఉన్నవాడి చెవికి చేరుతున్నాయి. బ్రేక్‌లో కీబోర్డు ఫ్లైట్ కేసు (గట్టి పెట్టె) ఒకటి అడిగి తెచ్చుకుని, ఇద్దరం కలిసి ఆంప్‌ని దాని మీదకి ఎత్తాం. ముందు అంచు కింద మడతపెట్టిన తువ్వాలు దోపి, మొహం పైకి ఉండేలా కాస్త వెనక్కి వాల్చాను. బేస్ నాబ్‌ని గడియారం ముల్లులా తొమ్మిది గంటల దగ్గరికి తిప్పి తగ్గించాను, మిడ్‌ని రెండు గంటల దగ్గరికి పెంచాను, వాల్యూమ్ సగానికి. ఓపెన్ 'ఏ' (A) నోట్ కొట్టగానే పక్కనే ఎవరో నిలబడి పాడినట్టు వినబడింది. గిటారిస్టు మళ్లీ చెయ్యెత్తలేదు.

ఆ సాయంత్రం నుంచి నేను పెద్ద ఆంప్ గురించి ఆలోచించడం మానేశాను. 10 లేదా 12 అంగుళాల స్పీకర్‌తో, 100 వాట్స్ చుట్టుపక్కల ఉన్న తేలిక కాంబోని ఎత్తు మీద పెట్టుకుంటే మన ఊళ్లో నూటికి తొంభై గిగ్గులు గడిచిపోతాయని నా నమ్మకం. ఇప్పుడు నా దగ్గరున్నది ఫెండర్ రంబుల్ 100. పన్నెండు అంగుళాల స్పీకర్, బరువు పది కిలోల దగ్గర. స్కూటీ మీద కాళ్ల మధ్య పెట్టుకుని రిషికొండ దాకా వెళ్లిపోతున్నాను. ఆంప్ కోసం ఆటో మాట్లాడుకునే పని తప్పింది.

ఒక జాగ్రత్త మాత్రం ఉంది. ఆంప్‌లో ఇలా లోతు తగ్గించి, అదే ఆంప్ డీఐ అవుట్ నుంచి మిక్సర్‌కి లైన్ ఇస్తే, ఆ అవుట్ ఈక్యూ (బేస్, మిడ్ లాంటి నాబులు) తర్వాత తీసేదైతే జనానికి కూడా సన్నటి బేసే వెళ్తుంది. అందుకే గిటార్ కేబుల్ ముందు ఓ చిన్న డీఐ బాక్స్‌కి (గిటార్ సిగ్నల్‌ని మిక్సర్‌కి పనికొచ్చేలా మార్చే డబ్బా) వెళ్లాలి. దాని త్రూ (సిగ్నల్‌ని మార్చకుండా పంపే సాకెట్) నుంచి ఆంప్‌కి, బ్యాలెన్స్‌డ్ అవుట్ నుంచి మిక్సర్‌కి. ఇక ఆంప్ మీద నా ఇష్టం వచ్చినట్టు తిప్పుకోవచ్చు, హాల్లో సౌండ్ కదలదు. ఈ ఒక్క మార్పుతో సౌండ్ అన్నలతో సగం వాదనలు ఆగిపోయాయి.

మరి పెడల్ మాటేమిటి? దాన్ని తీసిపారేయడం లేదు. అమెరికాలో మోటౌన్ కంపెనీ రికార్డింగుల్లో బేసిస్టు జేమ్స్ జామర్సన్ చాలావరకు ఆంప్ లేకుండా నేరుగా కన్సోల్‌లోకే (స్టూడియో మిక్సర్) వాయించాడు. డైరెక్ట్ బేస్‌లో జీవం ఉండదనే మాటకి ఆయనే జవాబు. టెక్ 21 సాన్సాంప్ బేస్ డ్రైవర్ డీఐ లాంటి పెడల్ బ్యాగు జేబులో పడుతుంది. మిక్సర్ నుంచి కేబుల్ గుండానే వచ్చే 48 వోల్టుల ఫాంటమ్ పవర్ మీద కూడా అది పనిచేస్తుంది, అడాప్టర్ మరిచిపోయినా గండం గడుస్తుంది. హైదరాబాద్ రైలెక్కి వెళ్లి వాయించి వచ్చేవాళ్లకి ఇంతకంటే సుఖం లేదు.

కానీ పెడల్ ఒక్కటే తీసుకెళ్తే నీ చెవి మొత్తం మిక్సర్ దగ్గరున్న మనిషి చేతిలో పెట్టినట్టే. పెళ్లి స్టేజి మీద నాలుగు మానిటర్లు (మన వైపు తిప్పి పెట్టే స్పీకర్లు) ఉంటే రెండు గాయకులవి, ఒకటి డ్రమ్స్ దగ్గర, మిగిలింది కీబోర్డు వాళ్లతో పంచుకోవాలి. అందులో ఫిమేల్ వాయిస్, ట్రాక్, ప్యాడ్ అన్నీ వస్తాయి, బేస్ అడుగున ఎక్కడో ఉంటుంది. "అన్నా, బేస్ కొంచెం" అని సైగ చేస్తే ఆయన తలూపుతాడు. నిజంగా పెంచాడో లేదో పల్లవి అయిపోయాక గానీ తెలియదు. ఆయన తప్పూ కాదది, ఒక్కడే ముప్ఫై ఛానెళ్లు చూసుకుంటున్నాడు. కాబట్టి గాజువాక తమ్ముడికి నా జవాబు వేరు. మీ చర్చిలో సిస్టమ్ ఎప్పుడూ అదే, మిక్సర్ దగ్గర కూర్చునేది నీకు తెలిసిన మనిషే. అక్కడ నీకు పెడల్ చాలు తమ్ముడూ, ఆంప్ డబ్బులు మిగుల్చుకో. దానికి ఇన్-ఇయర్ (చెవిలో పెట్టుకునే మానిటర్) తోడైతే మరీ మంచిది. రోజుకో స్టేజి, రోజుకో సౌండ్ టీమ్ అనుకునేవాళ్లకి మాత్రం పెడల్ ఒక్కటే వద్దంటాను.

హెడ్, క్యాబినెట్ గురించి ఎక్కువ రాయను. ఆ పెద్ద సైజులు పుట్టిన కాలం వేరు. ఆంపెగ్ కంపెనీ ఎస్‌వీటీ బేస్ ఆంప్ 1969లో వచ్చింది. అప్పట్లో పీఏలో పాడేవాళ్ల గొంతు తప్ప ఇంకేమీ పెద్దగా వెళ్లేది కాదు, బేస్ మొత్తాన్నీ జనం దాకా ఆంపే తోయాలి. 300 వాట్స్ ట్యూబ్ హెడ్, ఎనిమిది పది-అంగుళాల స్పీకర్ల క్యాబినెట్ అందుకే కావలసి వచ్చాయి. ఇప్పుడు మన ఊళ్లో చిన్న ఫంక్షన్‌కి కూడా సబ్‌లు దించుతున్నారు. వాట్స్ రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్సే. చెవికి రెట్టింపు గట్టిగా అనిపించాలంటే దాదాపు పది రెట్ల పవర్ కావాలి. పైగా బీచ్ రోడ్ ఫంక్షన్లలో రాత్రి పది దాటితే 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం సౌండ్ ఆపాల్సిందే. పదింటికి ముందే తగ్గించమని ఎవరో ఒకరు వస్తారు. పెద్ద క్యాబినెట్‌ని తక్కువ వాల్యూమ్‌లో పెడితే దాని అందమే బయటికి రాదు. సొంత రిహార్సల్ రూమ్ ఉండి, పీఏ లేకుండా వాయించే రాక్ బ్యాండ్ అయితే తేలికపాటి క్లాస్-డీ హెడ్, ఒక 12 అంగుళాల క్యాబినెట్ చూడొచ్చు. హెడ్ మీద మినిమమ్ 4 ఓమ్స్ (స్పీకర్ల నిరోధం) అని ఉంటే 8 ఓమ్స్ క్యాబినెట్లు రెండు దాకా తగిలించొచ్చు, మూడోది వద్దు. హెడ్‌కీ క్యాబినెట్‌కీ మధ్య స్పీకర్ కేబులే వాడాలి, గిటార్ కేబుల్ కాదు.

ఏది తీసుకున్నా కరెంటు దగ్గర ఒళ్లు దగ్గర పెట్టుకోండి. ఒక పెళ్లిలో నా లైన్ మిక్సర్‌కి తగిలించగానే గుయ్ఁ మంటూ ఒకటే మోత. ఆంప్ స్టేజి బోర్డు మీద ఉంది, మిక్సర్ లాన్ చివర ఇంకో బోర్డు మీద. రెండు చోట్లా ఎర్త్ కలిసి లూప్ అయింది. డీఐ బాక్స్ మీద గ్రౌండ్ లిఫ్ట్ బటన్ నొక్కగానే మోత ఠక్కున ఆగింది. అంతలోనే డెకరేషన్ కుర్రాడొకడు కటింగ్ ప్లేయర్ పట్టుకొచ్చి, "ప్లగ్గులో పెద్ద పిన్ను పీకేద్దాం సార్, పోతాది" అన్నాడు. ఆ పని ఎప్పుడూ చెయ్యనివ్వకండి. ఆ పిన్ను ప్రాణం కాపాడే ఎర్త్. అది లేకుండా ఆంప్‌లో ఎక్కడైనా కరెంటు లీకైతే అది మన తీగల్లోకే వస్తుంది. అటు పెదవులకి ఎర్త్ అయిన మైకు తగిలిందంటే అంతే. లిఫ్ట్ బటన్ తెంపేది సిగ్నల్ కేబుల్ షీల్డుని మాత్రమే, కరెంటు ఎర్త్ జోలికి పోదు. డీఐ కొనేటప్పుడు ఆ బటన్ ఉందో లేదో ముందే చూసుకోండి.

ఉప్పుగాలి సంగతి మీకు చెప్పక్కర్లేదు. గిగ్ అయ్యాక జాక్‌లు పొడిగుడ్డతో తుడిచి, ఆంప్‌కి కవర్ తొడిగి, లోపల రెండు సిలికా జెల్ పొట్లాలు పడేస్తే సాకెట్లు గరగరమనవు.

సెకండ్ హ్యాండ్ కాంబో చూడ్డానికి వెళ్తే మీ బేస్, మీ కేబుల్ తీసుకెళ్లండి. ఓపెన్ 'ఈ' (E) తీగ కొట్టి, వాల్యూమ్ మెల్లగా పెంచుతూ పోండి. ఏదో ఒక నోట్ దగ్గర డబ్బా బుర్రుమంటే అరచేత్తో గ్రిల్‌ని నొక్కి చూడండి. ఆగిపోతే వదులైన స్క్రూ. ఆగకపోతే కోన్ చిరిగిందేమోనని టార్చి వేసి చూడాలి. నాబులు అన్నీ ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పండి. తర్వాత ఆంప్‌ని ఓ బల్ల మీదకి ఎత్తించి, రెండడుగుల దూరంలో నిలబడి మామూలుగా మీరు వాయించే పాట ఒకటి మొత్తం వాయించి చూడండి.