మొక్కల రంగులతో లిప్ బామ్ కిట్: సరుకు మంచిదే, కరపత్రమే తప్పు

మొక్కల రంగులతో ఇంట్లోనే లిప్ బామ్ తయారుచేసుకోవచ్చంటూ అమ్ముతున్న ఒక కిట్‌ను గత నెలలో 850 రూపాయలకు తెప్పించుకున్నాను. తేనెమైనం, ఆముదం, కొబ్బరినూనె, 6 రేకు డబ్బీలు, రంగుల కోసం రతన్‌జోత్ వేళ్ళు, జాఫ్రా గింజలు, బీట్‌రూట్ పొడి అందులో ఉన్నాయి. సరుకుకు వంక పెట్టడానికి లేదు; పేచీ అంతా వెంట వచ్చిన సూచనల కరపత్రంతోనే.

రతన్‌జోత్ వేరు ముక్కలను ఆముదంలో వేసి, గిన్నెను వేడినీళ్ళలో ఉంచిన కాసేపటికే బెరడు నుంచి ఎరుపు దారాలు దారాలుగా దిగడం మొదలై, అరగంటకల్లా నూనె దానిమ్మ రసంలా చిక్కబడింది. దాన్ని వడకట్టి, కరిగించిన మైనంలో కలిపి పోస్తే డబ్బీలో నల్లగా కనిపించింది గాని, పెదవులపై తాంబూలం వేసుకున్నంత ఎరుపే నిలిచింది. జాఫ్రా మన ఉత్తరాంధ్ర మన్యంలోనూ పండుతుంది. ఆ గింజ పైపొరలోని రంగు కూడా నూనెలో దిగేదే. ఆ నారింజ వన్నె నా చామనఛాయకు విడిగా నప్పలేదు గాని, రతన్‌జోత్ నూనెలో పావువంతు కలిపితే ఇటుక రంగు చక్కగా కుదిరింది.

బీట్‌రూట్ పొడిని మాత్రం ‘కరిగిన మైనంలో కలపండి’ అన్న ఒక్క వాక్యంతో సరిపెట్టారు. బీట్‌రూట్ రంగు నీటిలో కరుగుతుందే గాని నూనెలో కరగదు కనుక, మైనం గడ్డకట్టేలోగా పొడి అంతా అడుగుకు చేరి ఇసుకలా గరగరలాడింది. నీళ్ళు కలుపుదామంటే అవి నూనెతో కలవవు సరికదా, బామ్‌కు బూజు కూడా పడుతుంది. తినదగినదేనని పొట్లంపై ఉంది కనుక, మిగిలిన పొడి మా ఇంట పెరుగుపచ్చడిలోకి వెళ్ళింది.

రతన్‌జోత్ నూనెతో ఎర్రని సబ్బు వస్తుందని కరపత్రంలో ఉన్న మాట ఇంకా విచిత్రం. సబ్బులోని క్షారం తగిలితే ఆ ఎరుపు ఊదా వైపు తిరుగుతుంది. పసుపులో సున్నం కలిపి పారాణి చేసే ఇళ్ళలో క్షారంతో రంగు మారే సంగతి ఎవరికీ కొత్త కాదు. పెదవులకు రాసుకునే ముందు మోచేతి మడతలో రాసి ఒక రోజు ఆగి చూడమన్న హెచ్చరిక కూడా కరపత్రంలో లేదు. ఎలర్జీ ఉన్నవారికి ఇది చిన్న లోపం కాదు.

మళ్ళీ ఈ కిట్ కొనను. వేళ్ళు, గింజలు మూలికల దుకాణంలో విడిగా తెచ్చుకుని, తేనెమైనం మాత్రం వీరి దగ్గరే తీసుకుంటాను.