కొత్త జైళ్లు కట్టడమా, ఖైదీలను తగ్గించడమా? 2007లో రెండు అమెరికా రాష్ట్రాల నిర్ణయాలు

ప్రభుత్వానికి ఏ పనీ సక్రమంగా చేతకాదని గట్టిగా నమ్మేవారు అమెరికాలో ఎందరో ఉన్నారు. ఆ ప్రభుత్వం చేతికే ఆ దేశం దాదాపు ఇరవై లక్షల మంది ఖైదీల తిండిని, వైద్యాన్ని, ప్రాణాన్ని అప్పగించింది. కిక్కిరిసిన జైళ్లను ఏం చేయాలన్న ప్రశ్నకు 2007లో కాలిఫోర్నియా, టెక్సస్ వేర్వేరు జవాబులు ఇచ్చాయి. వాటిలో ఏది మేలో తేల్చుకోవడానికి ఈ అపనమ్మకమే మంచి గీటురాయి అని నా అభిప్రాయం.

కాలిఫోర్నియా నిర్మాణాన్ని ఎంచుకుంది. సుమారు 53,000 మంది ఖైదీలకు చోటిచ్చే పడకల కోసం 740 కోట్ల డాలర్లు కేటాయిస్తూ చట్టం చేసింది. అప్పటికే అక్కడి జైళ్లలో, వైద్యం సరిగా అందితే బతికేవారు ఆరేడు రోజులకొకరు చొప్పున చనిపోతున్నారని 2005లో ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) కోర్టు న్యాయమూర్తి తేల్చారు. మరుసటి ఏడాది జైళ్ల వైద్య వ్యవస్థనే రాష్ట్రం చేతిలోంచి తీసి, కోర్టు నియమించిన అధికారికి అప్పగించారు. ఉన్న జైళ్లలో రోగికి వైద్యుణ్ణి చూపించలేకపోయిన యంత్రాంగం మరో యాభై వేల మందిని చక్కగా చూసుకుంటుందని ఎలా నమ్మాలి? ఆ పడకల్లో చాలా భాగం కాగితాల మీదే మిగిలిపోయాయి. ఎనభై వేల మంది కోసం కట్టిన చోట దాదాపు రెట్టింపు మందిని ఉంచడమే వైద్యం అందకపోవడమనే క్రూరమైన శిక్షకు ప్రధాన కారణమని 2011లో సుప్రీంకోర్టు 5-4 తీర్పుతో నిర్ధారించి, ఖైదీల సంఖ్యను తగ్గించాలన్న ఆదేశాన్ని సమర్థించింది.

టెక్సస్‌లోనూ 2012 నాటికి 17,000కు పైగా కొత్త పడకలు కావాలన్న అంచనా వచ్చింది. రాష్ట్ర శాసనసభ్యులైన రిపబ్లికన్ జెర్రీ మాడెన్, డెమొక్రాట్ జాన్ విట్‌మైర్ కలిసి ఆ అంచనాను తలరాతగా కాక లెక్కగా చూశారు: ఇంతమంది ఏ తలుపులోంచి లోపలికి వస్తున్నారు? ప్రొబేషన్ (జైలుకు బదులు షరతులతో బయట ఉండనిచ్చే శిక్ష) షరతు తప్పినవారు, మత్తుకు బానిసలై చికిత్స దొరకనివారు అందులో ఎందరో ఉన్నారు. జైళ్లు కట్టే బదులు 24.1 కోట్ల డాలర్లను చికిత్సకు, షరతు తప్పినవారిని ఏళ్ల తరబడి జైల్లో పెట్టకుండా కొద్దికాలం ఉంచే కేంద్రాలకు మళ్లించారు. హ్యూస్టన్ పక్కన, ఎన్నో తెలుగు కుటుంబాలు స్థిరపడిన షుగర్ ల్యాండ్‌లోని పాత జైలు 2011లో మూతపడింది.

మూడో దారిగా కొందరు ప్రైవేటు జైళ్లను సూచిస్తారు. వాటి మీద నాకు ఏమాత్రం నమ్మకం లేదు, ఎందుకంటే జైలు నడపలేని ప్రభుత్వం, జైలు నడిపే కాంట్రాక్టరుపై నిఘా మాత్రం సమర్థంగా ఉంచగలదని ఆశించలేము. ఖైదీలను ప్రైవేటు చేతుల్లో పెట్టడం అక్కడ కొత్తేమీ కాదు: అదే షుగర్ ల్యాండ్‌లో 2018లో బడి కట్టడానికి తవ్వుతుండగా 95 మంది అస్థికలు బయటపడ్డాయి. వారు ఒకప్పుడు రాష్ట్రం చెరకు తోటల యజమానులకు అద్దెకిచ్చిన నల్లజాతి ఖైదీలు.

కాబట్టి టెక్సస్ దారే మేలు. చేతకాదనుకున్న ప్రభుత్వానికి తక్కువ మందిని అప్పగించడమే ఆ అపనమ్మకానికి న్యాయమైన ముగింపు. అయితే ఆ దారి తెచ్చిన మేలు జైళ్ల లోపల మిగిలినవారి దాకా రాలేదు. అక్కడి జైళ్లలో ఎక్కువ గదులకు ఇప్పటికీ ఏసీ లేదు. ఆ వేడిలో మనుషులను ఉంచడం రాజ్యాంగ విరుద్ధమని 2025లో ఒక ఫెడరల్ న్యాయమూర్తి స్పష్టంగా అన్నా, ఏసీలు వెంటనే పెట్టాలని మాత్రం ఆదేశించలేదు.