వేసవి సెలవుల్లో చూచివ్రాతా, కథల చదువా: చిన్న తరగతుల పిల్లలకు ఏది మేలు?

ఏప్రిల్ చివరి వారంలో బడులు మూసినప్పటి నుంచి జూన్ రెండో వారంలో మళ్లీ తెరిచే దాకా దాదాపు ఏడు వారాల సెలవులు. ఈలోగా ఒకటి నుంచి ఐదో తరగతి దాకా ఉన్న పిల్లలు నేర్చుకున్నది మరచిపోకుండా ఏం చేయించాలని కర్నూలులో తల్లిదండ్రులు ఏటా అడుగుతారు. వారి ముందు సాధారణంగా నాలుగు దారులు ఉంటాయి: రోజుకు ఒకటి రెండు పుటల చూచివ్రాత, వేసవి శిబిరం లేదా ట్యూషన్, ఫోనులో చదువు యాప్, ఇంట్లో పెద్దల పక్కన కూర్చుని కథ చదివి సొంతంగా నాలుగు వాక్యాలు రాయడం. చిన్న తరగతులకు పాఠాలు చెప్పే ఉపాధ్యాయురాలిగా నా అభిప్రాయం ముందే చెబుతాను. కూడబలుక్కుని అయినా చదవగలిగే పిల్లలకు చివరిదే మేలు. అక్షరాల రూపం ఇంకా కుదరని పిల్లలకు మాత్రం కొన్నాళ్లు చూచివ్రాత అవసరం.

చూచివ్రాత మీద మన పెద్దలకున్న నమ్మకానికి కారణం లేకపోలేదు. తలకట్టు, దీర్ఘం, కొమ్ము తమ తమ చోట్ల పడాలంటే చేతికి సాధన కావాలి. తెలుగులో చాలా ఒత్తులు తలకట్టు తీసేసిన అక్షరంలాగే కనిపిస్తాయి గానీ, త, న, మ, య, ర, ల ఒత్తులకు అసలు అక్షరంతో పోలిక ఉండదు. వాటిని విడిగా చూసి, రాసి నేర్చుకోవలసిందే. అయితే పిల్లలు చూచివ్రాత ఎలా రాస్తారో ఒకసారి పక్కన కూర్చుని గమనించండి. "వాన కురిసింది, చెరువు నిండింది" అన్న వాక్యాన్ని పదిసార్లు రాయమంటే, చాలామంది ముందు "వాన" అన్న మాటను పై గీత నుంచి కింది గీత దాకా నిలువుగా రాసుకుంటూ పోయి, మళ్లీ పైకి వచ్చి "కురిసింది" మొదలుపెడతారు. ఆ వాక్యాన్ని వారు ఒక్కసారి కూడా వాక్యంగా చదవరు. పైగా రెండు మూడు వరుసలు దాటాక అచ్చులో ఉన్న నమూనాను వదిలేసి, తాము రాసిన పై వరుసనే చూసి దించుతారు గనుక, నడుమ ఎక్కడో జారిపోయిన సున్న ఆఖరి వరుస దాకా తిరిగి రాదు. పుట నిండుతుంది, చేయి నొప్పి పుడుతుంది, చదువు మాత్రం జరగదు.

అందుకే చూచివ్రాత చేయించదలచినవారు పది వరుసలను మూడుకు తగ్గించి, నాలుగోసారి నమూనాను చేత్తో మూసి చూడకుండా రాయించాలి. చూసి రాసిన పది వరుసల కన్నా, గుర్తు తెచ్చుకుని రాసిన ఒక్క వరుస ఎక్కువ నేర్పుతుంది. పాతకాలపు బడుల్లోని ఉక్తలేఖనం, అంటే పంతులు చెబుతుంటే విని రాయడం, చేసిన పని ఇదే. దానిని ఇప్పుడు ఇంతగా వదిలేయడం నాకు బాధ కలిగిస్తుంది.

వేసవి శిబిరాల గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. చెప్పేవారు మంచివారై, పిల్లలు తక్కువగా ఉంటే మేలు జరుగుతుంది. పాతికమందిని ఒక గదిలో కూర్చోబెట్టి దస్తూరి దిద్దించే చోట ఒక్కొక్కరి చదువును వినే తీరిక ఎవరికీ ఉండదు. నలభై డిగ్రీలు దాటే మే నెల ఎండలో పిల్లలను మధ్యాహ్నం అక్కడికి పంపడం కూడా సరికాదు. ఫోను యాప్‌లలో చాలావరకు బొమ్మను తాకితే చప్పట్లు వినిపిస్తాయే తప్ప పిల్లల గొంతు వినిపించదు. పిల్లల పుస్తకాలు ప్రచురించే ప్రథమ్ బుక్స్ వారు 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్ అనే వెబ్‌సైటు మాత్రం వేరు. అందులో తెలుగు కథలు చదివే స్థాయిని బట్టి విభజించి ఉచితంగా దొరుకుతాయి. పెద్దలు ఫోను తమ చేతిలో పట్టుకుని పిల్లలతో పైకి చదివించేటట్లయితే, ఇంట్లో పుస్తకాలు లేని లోటు దానితో తీరుతుంది.

ఇక కథల చదువు. చిన్న తరగతుల పిల్లలకు చదవడం, లెక్కలు బాగా రావాలని 2021లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన నిపుణ్ భారత్ కార్యక్రమం లక్ష్యాల ప్రకారం రెండో తరగతి ముగిసేసరికి పిల్లలు తమకు కొత్తదైన పాఠాన్ని నిమిషానికి 45 నుంచి 60 పదాల చొప్పున తప్పులేకుండా, అర్థం చేసుకుంటూ చదవాలి. మూడో తరగతికి కనీసం 60. ఈ వేగం వేడుక కోసం కాదు. ఒక్కో అక్షరాన్నే కూడబలుక్కునే పిల్లవాడు వాక్యం చివరికి వచ్చేసరికి దాని మొదలు మరచిపోతాడు, అర్థం అక్కడే తెగిపోతుంది. వేగం పెరగాలంటే పైకి చదవాలి, వినేవారు పక్కన ఉండాలి, అదే కథను మర్నాడు మళ్లీ చదవాలి. పుస్తకం ఎంచుకోవడానికి తేలిక గుర్తు ఒకటుంది: ఒక పుటలో ఐదు మాటలకు మించి ఆగిపోతుంటే ఆ పుస్తకాన్ని ప్రస్తుతానికి పక్కన పెట్టి, ఇంకా తేలికైనది తీసుకోవాలి. మన జిల్లా కేంద్ర గ్రంథాలయంలోనూ, శాఖా గ్రంథాలయాల్లోనూ పిల్లల పుస్తకాలు ఉన్నాయి. ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ పన్ను కూడా కడుతున్న మనం వాటిని ఎందుకు వాడుకోకూడదు?

పుస్తకం లేని వేళ చదువు ఆగనక్కర లేదు. సెలవులకు అవ్వ వాళ్ల ఊరికి పోతూ కర్నూలు బస్టాండులో నిలబడినప్పుడు బోర్డులు చదివించండి. పత్తికొండలో, ఎమ్మిగనూరులో అదే హల్లుకు అదే ఒత్తు వస్తుంది. నందికొట్కూరులో, ఆత్మకూరులో ఒక హల్లుకు వేరొక హల్లు ఒత్తుగా చేరుతుంది. ఆళ్లగడ్డలో ఒకే మాటలో రెండు ఒత్తులు వస్తాయి. పాఠంలో ద్విత్వాక్షరాలకూ సంయుక్తాక్షరాలకూ తడబడే పిల్లలు తాము ఎక్కవలసిన బస్సు పేరును శ్రద్ధగా చదువుతారు.

చదివిన తర్వాత రాత చాలా తక్కువగా ఉండాలి. మూడు వాక్యాలు చాలు, కాని అవి పిల్లల సొంతవి కావాలి. "మా అవ్వ బొరుగులు చేసినాది" అని మన యాసలోనే రాస్తే రాయనివ్వండి. ఒత్తులు పోయినా, దీర్ఘాలు పోయినా ఎర్ర సిరాతో పుటంతా కొట్టివేయకుండా, ఆ రోజుకు ఒక్క రకం తప్పునే దిద్దండి. ఈ రోజు ఒత్తులు, రేపు సున్నలు. అన్నీ ఒకేసారి దిద్దితే పిల్లలు తప్పు రాని మాటలే ఎంచుకుని రెండు ముక్కలతో సరిపెడతారు, రాయడం అక్కడితో ఎండిపోతుంది.

ఇంగ్లీషు మాధ్యమంలో చదివే పిల్లల తల్లిదండ్రులు తెలుగు చదివిస్తే వెనకబడతారని భయపడుతుంటారు. ఆ భయం అక్కరలేదు. ప్రభుత్వ బడుల ద్విభాషా పాఠ్యపుస్తకాలలో ఇంగ్లీషు పాఠానికి ఎదురుగా అదే పాఠం తెలుగులో ఉంటుంది. ముందు తెలుగు పుట చదివి విషయం తెలుసుకున్న పిల్లలకు ఎదురు పుటలోని ఇంగ్లీషు సులువుగా అందుతుంది.

నాకు అన్నిటికన్నా ఎక్కువ ఆందోళన కలిగించేది కోసిగి, మంత్రాలయం వైపు నుంచి మిరప కోతలకు గుంటూరు వలసపోయి వచ్చే కుటుంబాల పిల్లల సంగతి. బడి నడిచే నెలల్లోనే వారి చదువు తెగిపోతుంది గనుక వేసవి వారికి సెలవు కాదు, పోయినదాన్ని కొంతైనా పూడ్చుకునే కాలం. ఆ ఇళ్లలో తల్లిదండ్రులకు చదువు రాకపోయినా కథల దారి మూసుకుపోదు. ఐదో తరగతి అక్క రెండో తరగతి తమ్ముడి చేత చదివించవచ్చు, తల్లి వంట చేస్తూనే విని, "తర్వాత ఏమైంది? వాడు ఎందుకు అట్ల చేసినాడు?" అని అడగవచ్చు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేకపోతే పిల్లవాడు తిరిగి పుటలోకి చూసి మళ్లీ చదువుతాడు. అక్షరాలే రాని పిల్లవాడైతే పుస్తకాన్ని అక్కే చదివి వినిపించి, రోజుకు నాలుగు అక్షరాల చొప్పున పలక మీద దిద్దించి, ఆ నాలుగింటిని అదే కథలో వెతికి వేలితో చూపమనాలి.