డెస్టిన్‌లో చేపల వేట: షేర్ ఆటోనా, మాట్లాడుకున్న ఆటోనా?

అట్లాంటా చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్ళకి సముద్రం అంటే ముందు గుర్తొచ్చేది ఫ్లోరిడాలోని డెస్టిన్. కారెక్కితే ఐదున్నర, ఆరు గంటలు. పంచదారలాంటి ఇసుకలో ఒక రోజు గడిచాక సాయంత్రం హార్బర్ వైపు నడుస్తాం. అక్కడ అప్పుడే వచ్చిన పడవల ముందు, మేకులు కొట్టిన చెక్కలకి ఎర్రెర్రని స్నాపర్ చేపలు వరసగా వేలాడుతుంటాయి. కాళ్ళు ఆగిపోతాయి. "అన్నయ్యా, రేపు మనమూ వెళ్దామా?" అన్నాడు మా తోడల్లుడు. ఇది నాలుగేళ్ళ కిందటి మాట. అప్పట్నించి తలకింత అని టికెట్ కొని ఎక్కే పెద్ద పడవా ఎక్కాం, మొత్తం పడవ మాట్లాడుకునీ వెళ్ళాం, డబ్బూ తగలేశాం, కడుపులో ఉన్నదంతా సముద్రానికీ సమర్పించాం. కాబట్టి ఏది మేలు అని ఎవరైనా అడిగితే చెప్పే అర్హత ఉందనే అనుకుంటున్నాను.

తలకింత పడవని అక్కడ పార్టీ బోట్ అంటారు. పేరు విని మా ఆవిడ పాటలూ డాన్సులూ ఉంటాయనుకుని పట్టుచీర కాకపోయినా మంచి డ్రెస్సే వేసుకొచ్చింది. అక్కడుండే పాటల్లా ఇంజన్ మోతే, సెంటు వాసనల్లా ఎరగా కోసిన స్క్విడ్ ముక్కలవే. ఇది అచ్చంగా షేర్ ఆటో. ముప్ఫై, నలభై మంది పడవ అంచున భుజం భుజం రాసుకుంటూ నిలబడతారు. గాలం, ఎర, బరువు అన్నీ వాళ్ళే ఇస్తారు. కెప్టెన్ హారన్ కొడితే వేయాలి, మళ్ళీ కొడితే పైకి చుట్టేయాలి. పక్కాయన తాడూ మన తాడూ చిక్కుపడడం మామూలే. చిక్కుపడిన ప్రతిసారీ ఆ చేప నాదంటే నాదని ఇద్దరం నవ్వుకోవడం కూడా మామూలే. మేం వెళ్ళినప్పుడు పెద్దవాళ్ళకి తలా వంద డాలర్ల పైన కొంచెం పడింది.

మాట్లాడుకున్న పడవని చార్టర్ అంటారు. అందులో కెప్టెన్, డెక్ మీద పనిచేసే మేట్ కుర్రాడు, మనం. అంతే. ఎక్కడికి వెళ్ళాలి, ఏ చేప కోసం వెళ్ళాలి, పిల్లాడు ఏడిస్తే వెనక్కి తిరగాలా అన్నీ మన ఇష్టం. ఆరు గంటలకి మాకు పదిహేను వందల డాలర్లయింది. దానిమీద మేట్‌కి టిప్పు ఇరవై శాతం. ఆ కుర్రాడికి ప్రధాన సంపాదన అదే, కాబట్టి అక్కడ పిసినారితనం చూపించకూడదు. మొత్తం పద్దెనిమిది వందలు, ఆరుగురికి పంచితే తలా మూడు వందలు. పార్టీ బోట్‌కి టిప్పు కలిపినా అందులో సగం కూడా కాదు.

అసలు చిక్కు డబ్బు దగ్గర కాదు, తలల లెక్క దగ్గర వచ్చింది. అమెరికా కోస్ట్ గార్డ్ నిబంధన ప్రకారం వాళ్ళ తనిఖీ సర్టిఫికెట్ లేని చార్టర్ పడవలో ప్రయాణికులు ఆరుగురికి మించకూడదు. అందుకే ఈ చిన్న పడవల్ని సిక్స్ ప్యాక్ అంటారు. మేం మా నలుగురం, మరదలు, తోడల్లుడు, వాళ్ళ పది నెలల పాప. "పాప ఒళ్ళోనే ఉంటుంది కదండీ" అన్నాను కెప్టెన్‌తో. మన బస్సుల్లో అర టికెట్ కూడా లేని వయసు మరి! ఆయన మర్యాదగానే తల అడ్డంగా ఊపాడు. పసిబిడ్డయినా ఒక తలే. ఆరోజు మా మరదలూ పాపా రేవులోనే ఉండిపోయారు. ఆ సంగతి మరదలు ఇప్పటికీ మాకు గుర్తు చేస్తూనే ఉంటుంది. రెండు కుటుంబాలు కలిసి వెళ్తుంటే అడ్వాన్సు కట్టేముందు వేళ్ళు మడిచి లెక్కపెట్టుకోండి. పార్టీ బోట్‌కి ఈ బెడద లేదు.

బాత్‌రూమ్ సంగతి కూడా ముందే అడగాలి. అడగడానికి మొహమాటపడి మేం పడ్డ ఇబ్బంది ఇక్కడ రాయలేను. పార్టీ బోట్‌లో బాత్‌రూమ్, నీడన కూర్చోడానికి క్యాబిన్, తినడానికి ఏదో ఒకటి ఉంటాయి. చిన్న చార్టర్లలో కొన్నిటికి పైకప్పు తప్ప ఏమీ ఉండదు.

ఇంకోటి, నాలుగు గంటల ట్రిప్పు అంటే రేవు నుంచి మళ్ళీ రేవు దాకా. డెస్టిన్‌కి ఉన్న వరం ఏమిటంటే తీరం దాటిన కొద్ది మైళ్ళకే లోతు వచ్చేస్తుంది. ఆ ఊరు తనని తాను ప్రపంచంలోకెల్లా అదృష్టవంతమైన జాలరి పల్లె అని చెప్పుకుంటుంది. అయినా పార్టీ బోట్ నెమ్మది. పోనూ రానూ సమయం తీసేస్తే గాలం నీళ్ళలో ఉండేది రెండు గంటలు. అందుకని పెద్ద పడవైతే ఐదారు గంటల ట్రిప్పుకే వెళ్ళాలి. వేగంగా పోయే చిన్న పడవైతే నాలుగు గంటలు చాలు. అయితే చిన్న పడవ అల మీద ఎగిరెగిరి పడుతుంది. మా తోడల్లుడు ఉప్పాడ సముద్రం ఒడ్డున పుట్టి పెరిగినవాడు, "నాకెందుకన్నయ్యా వాంతుల మాత్రలు" అన్నాడు. గంట తిరక్కుండా పడవ అంచు పట్టుకుని వంగినవాడు మళ్ళీ లేవలేదు. ఒడ్డున పెరగడం వేరు, వేటకి పోవడం వేరు. మాత్ర ముందురోజు రాత్రి ఒకటి, పొద్దున ఒకటి వేసుకుంటే పనిచేస్తుంది. కడుపులో తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే అదీ సముద్రం పాలే. ఒకరికి బాలేదని పడవ వెనక్కి తిప్పితే మొత్తం డబ్బు పోయినట్టే. గాలివాన అని కెప్టెన్ మానేస్తే మాత్రం మామూలుగా డబ్బు వెనక్కిస్తారు, లేదా ఇంకో రోజు తీసుకెళ్తారు. పార్టీ బోట్ ఒక్కరి కోసం తిరగదు, అది ఇంకా నరకం. ఆ విషయంలో మాట్లాడుకున్న పడవే గెలుస్తుంది.

ఇక నెల. మేం ఒకసారి స్ప్రింగ్ బ్రేక్‌కి, అంటే ఏప్రిల్ మొదట్లో వెళ్ళాం. మా పెద్దమ్మాయి గాలానికి మోచేతంత రెడ్ స్నాపర్ పడింది. లోతులోంచి ఒక్కసారిగా పైకి రావడంతో లోపలి గాలితిత్తి ఉబ్బి కళ్ళు బయటికొచ్చాయి. ఫొటో తీసేలోపే మేట్ దాన్ని ఒక బరువుకి తగిలించి మళ్ళీ అడుక్కి దింపేశాడు. ఫెడరల్ పర్మిట్ ఉన్న చార్టర్ పడవలకి, డెస్టిన్ ముందున్న మెక్సికో గల్ఫ్‌లో రెడ్ స్నాపర్ వేట తెరిచేది జూన్ 1న. ఎప్పుడు మూస్తారన్నది ఏటా మారుతుంది. తెరిచి ఉన్నప్పుడైనా తలకి రెండే, అదీ 16 అంగుళాలు ఉండాలి. ఈ విషయంలో పెద్ద పడవకీ చిన్న పడవకీ తేడా లేదు. రెడ్ స్నాపర్ మీద మోజుంటే ఏప్రిల్‌లో పదిహేను వందలు పోయడం దండగ. ఆ నెలల్లో పార్టీ బోట్ ఎక్కి వెర్మిలియన్ స్నాపర్ పట్టుకోండి. దాన్ని అక్కడివాళ్ళు మింగో అంటారు, మనకోసమే పెట్టిన పేరులా ఉంటుంది.

వంజరం కోసం వెళ్తామంటారా? అక్కడ దొరికే కింగ్ మాకెరెల్ మన వంజరానికి దగ్గరి చుట్టమే, పడవ వెనక తాడు లాగుతూ పోతుంటే పడుతుంది. అలా పట్టాలంటే చార్టరే నయం, పార్టీ బోట్ ఎక్కువగా లంగరేసి అడుగు చేపలే పట్టిస్తుంది. కాని కింగ్‌లో పాదరసం ఎక్కువని, గర్భిణులూ పిల్లలూ తినకూడదని అమెరికా ఎఫ్‌డీఏ చెబుతుంది. వేపుడు కళ్ళముందు మెదిలినా ఇది మర్చిపోవద్దు.

చేప కోయించుకోవడంలో కూడా తేడా ఉంది. పార్టీ బోట్ ఒడ్డుకొచ్చాక నలభై మంది చేపలు కోయాలి కాబట్టి చకచకా చెక్కి ఫిలేలు, అంటే ముల్లు లేని ముక్కలు, సంచిలో వేసిస్తారు, తలలూ ముళ్ళూ చెత్తలోకి. చార్టర్ మేట్‌కి ముందే చెబితే మన పద్ధతిలో అడ్డంగా ముక్కలు కోసి తలకాయలు విడిగా ఇస్తాడు. "తలలు ఏం చేసుకుంటారు?" అని ఆ కుర్రాడు అడిగితే, పులుసు అంటే ఏమిటో చేతులు తిప్పుతూ చెప్పాల్సొచ్చింది. ఐస్ పెట్టె మాత్రం మనదే.

లైసెన్సు గురించి కంగారొద్దు. ఫ్లోరిడాలో రెండు రకాల పడవల్లోనూ పడవ లైసెన్సే ప్రయాణికులకి వర్తిస్తుంది. మనమే పాంటూన్ పడవ అద్దెకి తీసుకుని గాలం వేస్తేనే విడిగా కొనుక్కోవాలి. అరటిపళ్ళు మాత్రం తీసుకెళ్ళకండి, చేపల పడవలో అవి అపశకునమని వాళ్ళ నమ్మకం. మా ఆవిడ సంచిలోంచి డజను బయటికి తీస్తే కెప్టెన్ మొహం చూడాలి. టైమ్ దగ్గర కూడా జాగ్రత్త. డెస్టిన్ గడియారం అట్లాంటా కంటే గంట వెనక. ఇంట్లో ఉండగా ఫోన్ క్యాలెండర్‌లో ఆరుకి పెట్టుకున్న రిమైండర్ అక్కడ ఐదుకే మోగి, ఒక గంట పెలికాన్లకి కాపలా కాశాం.

మూడో రకం, చాలామంది పట్టించుకోనిది, బే ట్రిప్పు. సముద్రంలోకి పోకుండా ఊరి వెనక ఉన్న చాక్టహాచీ బే నీళ్ళలోనే తిరుగుతారు. అల ఉండదు, కడుపు తిప్పదు. రెడ్‌ఫిష్, ట్రౌట్ పడతాయి. ఎక్కువగా నలుగురికే చోటు, ధర పెద్ద చార్టర్‌లో సగం లోపే. పదేళ్ళలోపు పిల్లలుంటే నా ఓటు దీనికే. చేపలు పట్టడమంటే నిజంగా పిచ్చి ఉన్న ఐదారుగురు స్నేహితులైతే జూన్‌లో ఆరు గంటల చార్టర్ మాట్లాడుకోండి, ప్రతి డాలరూ గిట్టుతుంది. అసలు నచ్చుతుందో లేదో తెలియని మొదటిసారి వాళ్ళు పార్టీ బోట్ ఎక్కండి, నచ్చకపోయినా వందతో పోతుంది.

ఈ జూన్‌లో మళ్ళీ మేం ఏడుగురమే. పాపకిప్పుడు నాలుగేళ్ళు. మా ఆవిడ, మరదలు, చిన్నపిల్లలిద్దరూ బే పడవలో. నేనూ, పెద్దమ్మాయీ, తోడల్లుడూ పార్టీ బోట్‌లో. మాత్రలు మా మరదలే తన చేత్తో వేసి పంపుతానంది.