పగకు వెల కట్టిన ఆట: ‘బ్లేడ్స్ ఇన్ ది డార్క్’

కర్నూలులో మేము ఐదుగురం ఆదివారం మధ్యాహ్నాలు ఒకరింట్లో చేరి, పాచికలూ పెన్సిళ్లూ ముందేసుకొని ఈ రోల్‌ప్లేయింగ్ ఆట, అంటే తలా ఒక పాత్ర తీసుకొని మాటలతోనే కథ నడిపే ఆట, ఆడుతున్నాం. జాన్ హార్పర్ రూపొందించగా ఈవిల్ హ్యాట్ ప్రొడక్షన్స్ 2017లో అచ్చులోకి తెచ్చిన ఈ పుస్తకంలో ఆటగాళ్లందరూ కలిసి డాస్క్‌వాల్ అనే చీకటి నగరంలో ఒక చిన్న దొంగల ముఠాను నడుపుతారు. పుస్తకంలో మెచ్చుకోదగినవి చాలా ఉన్నాయి కానీ, నేను రాయదలచింది ఒక్క దాని గురించే: మనం దెబ్బతీసిన ముఠా తిరిగి మనల్ని ఎలా దెబ్బతీస్తుంది అన్న విషయం.

ఇంతకుముందు మేము ఇదే తరహా ఆట డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడేవాళ్లం. మా బల్ల దగ్గర పగ అంటే అర్ధరాత్రి నలుగురు హంతకులు రావడం, మేము వాళ్లను చంపి వాళ్ల కత్తులు అమ్ముకోవడం, అంతే. శత్రువు పగబట్టినందుకు మాకు లాభమే తప్ప నష్టం ఉండేది కాదు.

ఇక్కడ లెక్క వేరు. ప్రతి ముఠాతోనూ మన సంబంధానికి మైనస్ 3 నుంచి ప్లస్ 3 వరకు ఒక అంకె ఉంటుంది. ప్రతి దొంగతనం తర్వాత ఎంత అలజడి రేగిందో ‘హీట్’గా లెక్కిస్తారు. మేము లాంప్‌బ్లాక్స్ ముఠా నాయకుడి మాట మీద రెడ్ సాషెస్ అనే మరో ముఠా ఖజానాను దోచినప్పుడు, అలజడి అదుపులోనే ఉన్నందుకు 2, వాళ్ల అడ్డాలోనే చేసినందుకు 1, మాలో ఒకరు కాపలావాణ్ణి చంపినందుకు 2, మొత్తం 5 పడింది. ఆ తర్వాత వేసిన పాచికలో 4 వచ్చింది. పని తర్వాత వచ్చే చిక్కుల పట్టికలో దానికి ఎదురుగా ఉన్నవాటిలో మాకు పడింది ప్రతీకారం.

గేమ్ మాస్టర్‌గా, అంటే శత్రువుల తరఫున ఆడుతూ ఆటను నడిపించే మనిషిగా ఉన్న మేడమ్ కత్తులను రంగంలోకి దించలేదు. మా ముఠాలో ఒకడు రోజూ తాగే సారాకొట్టు తలుపు మూసి ఉందనీ, గడియకు ఒక ఎర్ర పట్టీ కట్టి ఉందనీ మాత్రం చెప్పారు. యజమాని బతికే ఉన్నాడు కానీ మా ముఖం చూడడం లేదు. అప్పుడు ఆమె అడిగారు: “తప్పైందని ఒప్పుకొని చెల్లిస్తారా, వాళ్లు చేసేది చేయనిస్తారా, ఎదురు తిరుగుతారా?” చెల్లించాలంటే శత్రువు స్థాయిని బట్టి వెల ఉంటుంది. రెడ్ సాషెస్ రెండో స్థాయి ముఠా కాబట్టి రెండు కాయిన్లు, దాంతోపాటు రెండు పాళ్ల పరువు పోతాయి. మా పెట్టెలో ఉన్నవే రెండు కాయిన్లు. గంటసేపు వాదించుకొని, చివరికి ఆ కొట్టును వదులుకున్నాం. ఆ పాత్ర ఆడే తమ్ముడు ఆ పూట మళ్లీ మాట్లాడలేదు.

పుస్తకం ఈ ముఠాలను ఫ్యాక్షన్లు అంటుంది, కానీ ఫ్యాక్షన్ అన్న మాట మా జిల్లాలో ఆటవస్తువు కాదు. ఆ మాట వినగానే తెరమీది సుమోలు కాక, సొంత ఇంటి మనిషి గుర్తుకొచ్చేవాళ్లు మాకు తెలిసినవాళ్లలోనే ఉన్నారు, అందుకే మొదట్లో ఈ పుస్తకం తెరవడానికి నేను తటపటాయించాను. అయితే ఇందులో పగ వీరత్వంగా కాక ఖర్చుగా కనిపిస్తుంది. సంబంధం మైనస్ 3కు పడితే యుద్ధమే. అప్పుడు ప్రతి పనికీ హీట్ ఒకటి అదనంగా పడుతుంది, ముఠా పట్టు ఒక మెట్టు సడలుతుంది, పనుల మధ్య విరామంలో ప్రతి పాత్రకూ దక్కే రెండు అవకాశాలు ఒకటికి తగ్గుతాయి. అంటే గాయం మాన్పించుకోవాలా, మనసు కుదుటపరచుకోవాలా అన్నది తేల్చుకోవాలి, రెండూ కుదరవు. శత్రువును తుడిచిపెట్టడం ఒక్కటే దారి కాదు, ఇద్దరూ ఒప్పుకొని రాజీ పడినా యుద్ధం ముగుస్తుందని నియమాల్లోనే రాసి ఉండడం నాకు అన్నిటికన్నా నచ్చింది.

లోపాలు లేకపోలేదు. పట్టిక పాచికను నమ్ముకుంటుంది కాబట్టి, నిన్ననే ఒక ముఠాను అవమానించి వచ్చినా ఈరోజు దానికి సంబంధంలేని చిక్కు రావచ్చు. అలాంటప్పుడు మేడమ్ పట్టికను పక్కన పెట్టి, ఆ ముఠా పన్నాగానికి ఆరు భాగాల వృత్తం గీసి, వారం వారం కొంత నింపుతూ వచ్చారు. ఈ ‘క్లాక్’ పద్ధతీ పుస్తకంలోనిదే. ఇక చేతిలో డబ్బు లేకుండా యుద్ధంలోకి దిగిన కొత్తవాళ్లు గాయాలతో, అలసటతో అందులోనే కూరుకుపోతారు, కాబట్టి మొదటి రెండు మూడు ఆటల్లో గేమ్ మాస్టర్ కాస్త చేయూతనివ్వాలి.

300 పైచిలుకు పేజీల పుస్తకం గేమ్ మాస్టర్ దగ్గర ఒక్కటి ఉంటే చాలు. పాత్రల పత్రాలు ఉచితంగా దొరుకుతాయి, మేము రాజ్‌విహార్ దగ్గర జిరాక్స్ తీయించుకున్నాం. నియమాల సారాంశం క్రియేటివ్ కామన్స్ లైసెన్సులో ఉంది కనుక ఆ చిక్కుల పట్టికను నేను తెలుగులో రాసి అట్టకు అంటించాను. ప్రస్తుతం మాకు రెడ్ సాషెస్‌తో యుద్ధం నడుస్తోంది. వచ్చే ఆదివారం రాజీకి కూర్చోవాలని ముగ్గురం అంటున్నాం, సారాకొట్టు పోగొట్టుకున్న తమ్ముడు మాత్రం ఇంకా ఒప్పుకోలేదు.