రేనాల్డ్‌స్టౌన్ మీద ఇద్దరు రౌతులు

ఫ్రాంక్ ఫర్లాంగ్, ఫుల్క్ వాల్విన్ ఇద్దరూ బ్రిటిష్ సైన్యంలో 9వ లాన్సర్స్ అనే అశ్వికదళ రెజిమెంట్ అధికారులుగా పనిచేసినవాళ్లే. కంచెలు దూకే పందేల్లో అమెచ్యూర్ జాకీలు. ఒకే గుర్రం, రేనాల్డ్‌స్టౌన్ మీద ఇంగ్లండ్‌లోని పేరున్న కంచెల పందెం గ్రాండ్ నేషనల్ గెలిచారు: ఫర్లాంగ్ 1935లో, వాల్విన్ 1936లో.

ఆ రెండు గెలుపుల్లో నా ఓటు ఫర్లాంగ్‌కే. (గుర్రం వాళ్ల నాన్నదే అనుకోండి!) వాల్విన్‌కి అదృష్టం కలిసొచ్చింది. ముందు పరిగెడుతున్న డేవీ జోన్స్ అనే గుర్రం పగ్గాల బకిల్ ఊడిపోయి, ఆ గుర్రం సరిగ్గా చివరి కంచె దగ్గర పక్కకు వెళ్లిపోయింది. పగ్గం లేకుండా ఏ రౌతు మాత్రం ఏం చేస్తాడు?

తర్వాతి జీవితంలో మాత్రం వాల్విన్‌దే పైచేయి. ఫర్లాంగ్ యుద్ధంలో నౌకాదళ పైలట్ అయ్యి, 1944లో స్పైట్‌ఫుల్ విమానాన్ని పరీక్షిస్తూ కూలి చనిపోయాడు. వాల్విన్ పుర్రె చిట్లి స్వారీ మానేసినా, ట్రైనర్‌గా 4 చెల్టెన్‌హామ్ గోల్డ్ కప్‌లు (అదీ పెద్ద కంచెల పందెమే), 1964లో టీమ్ స్పిరిట్ అనే గుర్రంతో మళ్లీ గ్రాండ్ నేషనల్ కొట్టాడు.