కార్వెట్‌కి వేసిన కొత్త ఫైబర్‌గ్లాస్ బానెట్: అయిదేళ్ల తర్వాత

నా కారు 1976 షెవర్లే కార్వెట్. సెయింట్ లూయిస్ ఫ్యాక్టరీలో ఆ ఏడాది తయారైన 46,558 కార్వెట్లలో ఒకటి. పైన ఒళ్లంతా ఫైబర్‌గ్లాస్ (రెసిన్ అనే గట్టిపడే జిగురులో గాజునార పొరలు), కింద ఉక్కు ఛాసిస్. డాలస్ దగ్గర మా ఇంటి గ్యారేజీలో ఉంటుంది. నేను కొనేనాటికే దాని బానెట్‌కి ఎవరో పెద్ద రంధ్రం కోశారు, చుట్టూ పగుళ్లు వచ్చేశాయి. అందుకని చేత్తో పొరలు పరిచి చేసే ఫైబర్‌గ్లాస్ బానెట్ ఒకటి తెప్పించాను. దాంతో అయిదేళ్లు, 11 వేల మైళ్లు తిరిగాక ఇది రాస్తున్నాను.

ముందే ఒక మాట. మీ ఒరిజినల్ బానెట్ బాగుపడేలా ఉంటే దాన్ని వదులుకోకండి. కొత్తది బోల్టులు బిగించగానే కూర్చోదు. నాకు నాలుగు నెలల శని, ఆదివారాలు పట్టాయి.

మొదటిసారి కారు మీద పెట్టిన రోజు చూస్తే బానెట్‌కీ, పక్కన చక్రం మీదుండే ఫెండర్‌కీ మధ్య ఎడమ గ్యాప్‌లో నా చిటికెన వేలు పట్టింది, కుడివైపు విజిటింగ్ కార్డు కూడా దూరలేదు. ఎడమ ముందు మూల ఫెండర్ కంటే కిందికి దిగి ఉంది. కుడి వెనక మూల అయిదు మిల్లీమీటర్లు పైకి లేచి ఉంది. ఒక బాడీ షాపుకి తీసుకెళ్తే, ‘ఇవన్నీ ఇంతే, పుట్టీ పెట్టి రంగేసేద్దాం’ అన్నారు. నాకు మనసొప్పలేదు. అంత మందాన పుట్టీ పెడితే ఇంజిన్ వేడికి, అదురుకి ఏదో ఒకరోజు పగులుతుంది.

నేను చేసిన పెద్ద పొరపాటు మొదటి నెలంతా బానెట్‌నే అనుమానించడం. ఈ కారుకి కీళ్లు ముక్కు దగ్గర, గొళ్లాలు డ్రైవర్ ముందుండే అద్దం దగ్గర ఉంటాయి. కీళ్లు ఎన్నిసార్లు జరిపినా ఎడమ ముందు మూల పైకి రాలేదు. చివరికి కారు కింద దూరి చూస్తే రేడియేటర్‌ని మోసే ఇనుప చట్రం కింద రబ్బరు కుషన్ నలిగి రొట్టెలా అయిపోయి ఉంది. అటువైపు ముక్కే కిందికి దిగిపోయింది, ఇక బానెట్ ఏం చేస్తుంది! రెండు కుషన్లూ మార్చి, సన్నటి రేకులు పెట్టి ఎత్తు సరిచేశాక సగం తేడా పోయింది. మీరైతే ఇక్కడే మొదలుపెట్టండి.

తర్వాత వెనక గొళ్లాల్లోకి దిగే పిన్నులు విప్పేశాను. అవి ఉంటే బానెట్‌ని బలవంతంగా లాగి పట్టుకుంటాయి, అసలు ఆకారం తెలియదు. కీళ్ల బోల్టులు సగం వదులు చేసి, మా ఆవిడ ఒకవైపు, నేను ఒకవైపు పట్టుకుని దించాం. రంగు కలిపే చెక్కపుల్లలు గ్యాప్‌లో పెట్టి కొలత చూసుకున్నాం. ‘ఆగండి, ఆగండి, ఇటు ఇంకాస్త రావాలి’ అని తను అంటుంటే వెంట్రుకవాసి చొప్పున జరుపుతూ ఒక సాయంత్రమంతా గడిచింది. చుట్టూ గ్యాప్ సమానమైంది. కుడి వెనక మూల మాత్రం లేచే ఉంది. అంటే ఆ వంకర బానెట్‌లోనే ఉంది.

ఎండలో పెట్టి పైన ఇసుక సంచులు పెడితే దిగుతుందని చాలామంది చెప్తారు. దిగింది కూడా. నెల తిరక్కుండానే మళ్లీ లేచింది. అప్పుడు ధైర్యం చేసి, బానెట్ తిరగేసి, ఆ మూల దగ్గర లోపలి పొరకి గ్రైండర్‌తో మూడు గాట్లు పెట్టాను. పైపొర తగలకూడదు, చెయ్యి వణకకూడదు. నిజంగా టెన్షన్ పడ్డాను. మళ్లీ కారు మీద పెట్టి, చెక్క దిమ్మలు, క్లాంపులతో ఆ మూలని కావాల్సినదానికంటే రెండు మిల్లీమీటర్లు ఎక్కువే కిందికి నొక్కి, కింది నుంచి గాట్ల మీద ఎపాక్సీ అనే రెసిన్‌తో మూడు పొరల గ్లాస్ మ్యాట్ (గాజునార చాప) వేశాను. బానెట్‌లో ముందే గట్టిపడి ఉన్న పాలియెస్టర్ రెసిన్ మీద కొత్త పాలియెస్టర్ రెసిన్ కంటే ఎపాక్సీ బాగా పడుతుంది. రెండు రోజులు ముట్టుకోలేదు. మూడో రోజు పొద్దున్నే క్లాంపు విప్పుతుంటే చిన్నగా టిక్‌మంది, మూల కొంచెం లేచి ఫెండర్‌తో సమానంగా ఆగింది. ఆ అంచు మీద వేలు అటూ ఇటూ ఎన్నిసార్లు రాశానో!

గ్రైండింగ్ రోజు మాస్కు, పొడుగు చేతుల చొక్కా తప్పనిసరి. ఆ పొడి ఒంటికి అంటితే రాత్రంతా దురదే. ముందు చన్నీళ్లతో కడుక్కోండి. రంగు వేసేముందు బానెట్‌ని ఆరు వారాలు ఎండలో ఉంచాను. రెసిన్ పూర్తిగా గట్టిపడకముందే రంగేస్తే తర్వాత పొక్కులొస్తాయి.

ఇప్పుడు ఎలా ఉందంటే, ఆ మూల కదల్లేదు. టెక్సాస్ ఆగస్టు ఎండలో దూరం నడిపి ఆపితే మధ్యలో ఒక మిల్లీమీటరు ఉబ్బుతుంది, చల్లబడ్డాక దిగిపోతుంది. కింద లోపలి పొర పనితనం మాత్రం బాగోలేదు. ఒకచోట మందంగా, ఒకచోట పలచగా ఉంది. మూడో ఏడాది కీలు బోల్టు చుట్టూ రంగులో సన్నటి నక్షత్రం పగుళ్లు వచ్చాయి. కింద వెడల్పాటి అల్యూమినియం పట్టీ వేశాక పెరగలేదు. ఇంకొకటి, గొళ్లెం లాగే కేబుల్ తెగితే ఈ బానెట్ తెరవడం నరకం. రెండు గొళ్లాలకీ విడిగా సన్నటి తీగ కట్టి కారు కిందికి దించి ఉంచాను. పోయిన చలికాలం కేబుల్ తెగినప్పుడు ఆ తీగ లాగే తెరిచాను.